కుక్క కొరికిన ఆకు ఏది? హైదరాబాద్ ఇళ్లలోని విషపు మొక్కలు, కొరికాక చేయాల్సిన పనులు

మనీ ప్లాంట్ ఆకు కొరికిన కుక్కపిల్ల ఇల్లంతా గోల చేస్తుంది. చొంగ కారుస్తుంది, ముందుకాళ్లతో మూతి రుద్దుకుంటుంది, కుయ్యోమంటుంది. ఇంటిల్లిపాదీ హడలిపోతారు. విల్లాల గేటు పక్కన పెట్టే సైకస్ మొక్క గింజ నమిలిన కుక్క అలా కాదు. రెండుమూడు సార్లు కక్కి, సాయంత్రానికి తేరుకున్నట్టే కనిపిస్తుంది, అన్నం పెడితే తిన్నా తింటుంది. మొదటిది తెల్లారేసరికి మామూలైపోతుంది. రెండోదానికి మూడో రోజుకి కళ్లు పచ్చబడతాయి, కాలేయం చెడిపోతుంది, ఎంత చికిత్స చేసినా దక్కకపోవచ్చు. కుక్క పడే హడావుడిని బట్టి ప్రమాదాన్ని లెక్కగడితే ఇలాగే బోల్తా పడతాం. ఏ మొక్క, అందులో ఏ భాగం, ఎంత తింది, ఎన్ని గంటలకు తింది అన్న నాలుగు సంగతులే డాక్టర్‌కి కావాలి.

కుక్కపిల్లలతో ఇంకో చిక్కుంది. 30 కేజీల లాబ్రడార్ తిన్న ఆకునే 3 కేజీల పిల్ల తింటే దాని ఒంట్లో విషం పదింతలు పడినట్టు. పైగా మూడో నెల నుంచి ఆరో నెల దాకా పాలపళ్లు రాలి కొత్తవి వస్తుంటాయి. చిగుళ్ల దురదకి కుర్చీ కాలైనా, చెప్పైనా, కుండీలోని అడీనియం (ఎడారి గులాబీ) దుంపైనా వాటికి ఒకటే.

నోరు మండించేవి: గోల ఎక్కువ, ముప్పు తక్కువ

బాల్కనీలలో కనిపించే ఆకుల మొక్కల్లో చాలావాటిది చేమదుంప కుటుంబం. మనీ ప్లాంట్, డైఫెన్‌బాకియా, అగ్లోనిమా, ఫిలోడెండ్రాన్, సింగోనియం, మాన్‌స్టెరా, కలేడియం, పీస్ లిల్లీ, జెడ్‌జెడ్ ప్లాంట్ అన్నీ ఆ కోవలోవే. ఆకు కణాల్లో సూదుల్లాంటి క్యాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు కట్టలు కట్టలుగా ఉంటాయి. కొరకగానే అవి నాలుకకీ, పెదాలకీ, గొంతుకీ గుచ్చుకుంటాయి. పచ్చి చేమాకు తింటే గొంతు ఎందుకు దురదపెడుతుందో తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, సంగతి అదే.

మంట వెంటనే మొదలవుతుంది కాబట్టి కుక్క రెండో ముక్క తినదు. అదే దానికి రక్ష. నోట్లో మిగిలిన ఆకు ముక్కలు వేలితో తీసేయండి. తడిగుడ్డతో నాలుక, చిగుళ్లు రెండుమూడు సార్లు తుడవండి. తర్వాత రెండు చెంచాల చల్లని పెరుగు నాకించండి. పాలు, పెరుగులోని క్యాల్షియం ఆ ఆక్సలేట్‌ని కొంత పట్టేస్తుంది. పైపు పెట్టి నోట్లోకి నీళ్లు కొట్టడం, తల పైకెత్తి గొంతులో పోయడం మాత్రం వద్దు, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెండు గంటల్లో చొంగ తగ్గాలి. నాలుక వాచి నోరు మూయలేకపోతున్నా, ఊపిరి పీల్చినప్పుడు గురగుర శబ్దం వస్తున్నా ఇక ఇంట్లో ఉంచకండి. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి మొదటే గాలి తీసుకోవడం కష్టం, వాటి విషయంలో ఈ రెండు గంటలు కూడా ఆగొద్దు.

కడుపు చెడగొట్టేవి

స్నేక్ ప్లాంట్, డ్రసీనా, కలబంద తింటే వాంతులు, విరేచనాలు. కలబందలో మనం వాడే లోపలి తెల్లటి గుజ్జు కాదు, తొక్క కింద కారే పసుపుపచ్చ రసం అసలు నేరస్థురాలు. ముళ్ల యూఫోర్బియా, రబ్బరు మొక్క, దేవగన్నేరు పాలు తగిలితే మూతి చుట్టూ దద్దుర్లు. చామంతి పూలు తిన్నా వాంతులే. డిసెంబర్‌లో ఎర్రటి ఆకులతో వచ్చే పాయిన్‌సెటియాకి ఉన్న చెడ్డపేరంతా అతిశయోక్తి, కాస్త కడుపు తిప్పడం తప్ప పెద్దగా ఏమీ చేయదు. లిల్లీల విషయంలో పిల్లులకీ కుక్కలకీ తేడా ఉంది. అసలు లిల్లీలు, డే లిల్లీలు పిల్లి మూత్రపిండాలని పాడుచేస్తాయి, కుక్కకి సాధారణంగా కడుపు గడబిడతో పోతుంది. రెండూ ఉన్న ఇంట్లో మాత్రం లిల్లీ పూలగుత్తి పెట్టుకోకపోవడమే మంచిది.

ఒకటి రెండు వాంతులై కుక్క చురుగ్గా ఉంటే ఆరేడు గంటలు అన్నం పెట్టకుండా, నీళ్లు కొంచెం కొంచెంగా ఇస్తే చాలు. నాలుగు నెలల లోపు పిల్లని, అందులోనూ చిన్న జాతి పిల్లని, అన్ని గంటలు పస్తు ఉంచకూడదు. చక్కెర పడిపోయి వణుకు వస్తుంది. పిల్ల వరుసగా రెండుసార్లు కక్కితే ఫోన్ చేయాల్సిందే.

గన్నేర్లు ఎన్ని?

అసలు భయపడాల్సిన మొక్కలు ఇక్కడినుంచి మొదలవుతాయి. మన భాషే ఇక్కడ ఒక తికమక పెట్టింది. గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు, దేవగన్నేరు అని నాలుగింటికీ ఒకటే పేరు తగిలించుకున్నాం. నాలుగూ ఒకే కుటుంబానివే అయినా అన్నిటి విషం ఒకటి కాదు. "గన్నేరు తింది డాక్టర్" అని ఊరుకుంటే ఆయనకి సగమే తెలిసినట్టు.

గులాబీ, తెలుపు, ఎరుపు పూలతో, సన్నని పొడవాటి గట్టి ఆకులతో ఉండేది అసలు గన్నేరు. దీన్లోని ఒలియాండ్రిన్ అనే విషం గుండె మీద పనిచేస్తుంది. ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే, ఎండినా తగ్గదు. కోసిన కొమ్మలు పెట్టిన జాడీలోని నీళ్లు కూడా ప్రమాదమే. రోడ్డు డివైడర్ల మీద వరసగా నాటేది దీన్నే. నీళ్లు తక్కువైనా బతుకుతుంది, పొగకి తట్టుకుంటుంది, పశువులు మూతి పెట్టవు. పశువులు మూతి పెట్టకపోవడానికి కారణం చేదు. ఆవుకున్న ఆ తెలివి ఆరు నెలల కుక్కపిల్లకి ఉండదు.

గంటల్లాంటి పసుపు పూలు పూసి, చెక్కిన గవ్వలాంటి ఆకుపచ్చ కాయలు కాసేది పచ్చగన్నేరు. ఇది కూడా గుండె విషమే. లోపలి పప్పులో విషం మరీ చిక్కగా ఉంటుంది. రాలిన కాయ బంతిలా దొర్లుతుంది కాబట్టి కుక్క దాన్ని ఆటవస్తువు అనుకుంటుంది.

బిళ్ళగన్నేరు చిన్న మొక్క, అయిదు రేకుల గులాబీ లేదా తెల్ల పూలు. మనుషులకి వాడే కొన్ని క్యాన్సర్ మందులు దీనినుంచే వచ్చాయి. కుక్క ఎక్కువ తింటే వాంతులు, బీపీ పడిపోవడం, వణుకు, మరీ ఎక్కువైతే మూర్ఛ. గుళ్ల దగ్గర సువాసన పూలు రాల్చే దేవగన్నేరు ఈ నాలుగింటిలో నెమ్మది. దాని పాలు చర్మానికీ కడుపుకీ చిరాకు పెడతాయి, అంతే.

గన్నేరు చుట్టాలు ఇంకా ఉన్నాయి. మిద్దె తోటల్లో ముద్దుగా పెంచే అడీనియం, అంటే ఎడారి గులాబీ, అదే కుటుంబం, అదే గుండె విషం. లావుపాటి మొదలు కుండీలో పైకి తేలి ఉంటుంది కాబట్టి కుక్కపిల్లలకి నమలడానికి అందుతుంది. కలాంచో కుటుంబం వేరైనా విషం ఇదే తరహా, పూలలో మరీ ఎక్కువ. దాని అన్నే రణపాల. కిడ్నీలో రాళ్లకి మంచిదని కుండీలో పెట్టుకుని రోజూ నమిలేవాళ్లున్నారు. మనిషి నమిలితే మంచిదన్నది కుక్కకి కూడా మంచిదవ్వాలని లేదు.

ఈ గుంపు మొక్కలు తింటే మొదట చొంగ, వాంతి, నీరసం. కొన్ని గంటల్లో గుండె లయ తప్పుతుంది. ఇంట్లో దీన్ని పట్టుకోవాలంటే తొడ లోపలి వైపు వేళ్లు ఆనించి నాడి చూడాలి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. విశ్రాంతిగా ఉన్న పెద్ద జాతి కుక్కకి నిమిషానికి సుమారు 60 నుంచి 100, చిన్న జాతికి 100 నుంచి 140, పిల్లలకి ఇంకా ఎక్కువ. మీ కుక్కకి మామూలు రోజున ఎంత కొట్టుకుంటుందో ఒకసారి రాసిపెట్టుకుంటే ఆ అంకె ఆపదలో ఎంతో పనికొస్తుంది. నాడి మధ్యమధ్య ఆగి కొట్టుకుంటున్నా, మామూలుకంటే బాగా తగ్గినా ఇంట్లో చేయగలిగింది లేదు. ఇసిజి పెట్టి కనీసం ఒక రోజు కనిపెట్టుకుని ఉండగల ఆసుపత్రి కావాలి.

పూజ పత్రిలో మూడు విషాలు

వినాయక చవితి ఏకవింశతి పత్రిని ఒకసారి చదవండి. దత్తూర పత్రం అంటే ఉమ్మెత్త, కరవీర పత్రం అంటే గన్నేరు, అర్క పత్రం అంటే జిల్లేడు. ఇరవై ఒకటింటిలో మూడు కుక్కకి గట్టి విషాలు. పైగా రోడ్డు పక్కన అమ్మే పత్రి కట్టలో ఏ ఆకు ఎంత ఉందో అమ్మేవాళ్లకే తెలియదు. చవితి నాడు పూజ నేల మీదే చేస్తాం, పత్రి, ఉండ్రాళ్లు ఒకే చోట ఉంటాయి. ఉండ్రాళ్ల కోసం వచ్చిన కుక్క నేతి వాసన అంటిన ఆకుని కూడా వదలదు. పత్రిని పాలవెల్లి ఎత్తుకి చేర్చండి, లేకపోతే ఉద్వాసన అయ్యేదాకా ఆ గది తలుపు మూసి ఉంచండి.

అసలు ప్రమాదం మర్నాడు. నిర్మాల్యాన్ని కవర్లో కట్టి గుమ్మం బయటో, మెట్ల కిందో పెడతాం, స్వచ్ఛ ఆటో వచ్చేదాకా అక్కడే ఉంటుంది. శివరాత్రికి ఉమ్మెత్త పూలు, శనివారం ఆంజనేయుడికి జిల్లేడు దండ, రోజువారీ పూజకి గుడిమల్కాపూర్ నుంచి వచ్చే పూలలో గన్నేరు, అన్నీ ఆ కవర్లోకే చేరతాయి. బతుకమ్మలో గన్నేరు పూలు కలిపే ఇళ్లకీ ఇదే వర్తిస్తుంది. మూత గట్టిగా పడే బకెట్ ఒకటి నిర్మాల్యానికే కేటాయిస్తే సగం ముప్పు తీరుతుంది.

జిల్లేడు పాలు కంట్లో పడితే వేరే సంగతి. కన్ను ఎర్రబడి, నల్లగుడ్డు మసకబారుతుంది. శుభ్రమైన నీళ్లతోనో సెలైన్‌తోనో 15 నిమిషాలు ఆపకుండా కడగండి. ఇంట్లో ఉన్న కంటి చుక్కలు వేయకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే, కార్నియా (నల్లగుడ్డు పై పొర) మీద పుండు ఉన్నప్పుడు కన్నే పోతుంది. కుక్క కాలితో గీరుకోకుండా మెడకి గరాటులాంటి కోన్ కట్టి డాక్టర్‌కి చూపించండి.

గింజలు, ఆ పైన ఆముదపు చెక్క

ఆముదం తాగించి పెంచిన తరాలం కదా, ఆ గింజ మీద మనకి అనుమానం రాదు. నూనెలో విషం ఉండదు, రిసిన్ అనే ఆ విషమంతా పిప్పిలోనే మిగిలిపోతుంది. వానాకాలం ఖాళీ ప్లాట్లలో వేలి ఆకారపు పెద్ద ఆకులతో ఏపుగా పెరిగేది ఈ మొక్కే. గింజని కుక్క నమలకుండా మింగితే గట్టి పెంకు వల్ల అలాగే బయటికి పోవచ్చు. నమిలితే 6 గంటల నుంచి ఒకటిన్నర రోజు లోపల వాంతులు, నెత్తుటి విరేచనాలు, కడుపునొప్పి మొదలవుతాయి. విరుగుడు మందు లేదు. సెలైన్లతో నిలబెట్టడమే.

మొక్కకంటే సంచి ప్రమాదం. సేంద్రియ ఎరువు అని తెచ్చుకునే ఆముదపు చెక్క ఆ పిప్పే, అందులో రిసిన్ మిగిలి ఉండొచ్చు. దానికి ఎముకల పొడి కలిపి కుండీలకి వేస్తారు. కుక్కకి అది మాంసం వాసన వేసే భోజనం. గింజ అయితే ఒకటో రెండో తింటుంది, సంచి దొరికితే గుప్పెళ్ల కొద్దీ లాగిస్తుంది. కుక్క ఉన్న ఇంట్లో ఆముదపు చెక్క మానేసి వేపపిండి వాడండి, ఆ చేదుకి చాలా కుక్కలు దగ్గరికి రావు. ఎముకల పొడి ఒక్కటే తిన్నా అది కడుపులో సిమెంటులా గడ్డకట్టి అడ్డం పడుతుంది. కాబట్టి దాన్ని మట్టి పైన చల్లకుండా కుండీ నింపేటప్పుడే అడుగున కలిపేయాలి.

గురివింద గింజలోని విషాన్ని కూడా పెంకే ఆపుతుంది. దండకి గుచ్చడానికి రంధ్రం చేసిన గింజలో ఆ పెంకు రక్షణ ఉండదు. గురివింద దండలు, గాజులు, పాత తూకపు గింజల డబ్బా కుక్కకి అందని చోట పెట్టండి. కంచెలకి వాడే అడవి ఆముదం, అంటే జట్రోఫా గింజలు కూడా తీవ్రమైన వాంతులు, విరేచనాలు తెస్తాయి. అగ్నిశిఖ దుంప సంగతీ చెప్పాలి. పసుపు ఎరుపు మంటల్లాంటి ఆ పూల తీగ అందంగానే ఉంటుంది, దుంపలోని కోల్చిసిన్ మొదట పేగులని, ఆనక ఎముకల మూలుగని దెబ్బతీస్తుంది. తవ్వే అలవాటున్న కుక్క ఉంటే ఆ తీగ వద్దు.

సైకస్

గేటెడ్ కమ్యూనిటీల లాన్‌లలో, విల్లాల గేటు పక్కన జంటగా నిలబెట్టే పొట్టి ఈత చెట్టు లాంటిది సైకస్. నర్సరీలో సేగో పామ్ అంటారు. పేరులో పామ్ ఉన్నా అది పామ్ కాదు. అరెకా పామ్ కుక్కకి హాని చేయదు. రెండింటికీ పేరు ఒకేలా ఉండబట్టి చాలామంది నిశ్చింతగా ఉంటారు. తేడా పట్టడం తేలికే. సైకస్ ఆకు రెబ్బలు గట్టిగా, ముల్లులా గుచ్చుకుంటాయి, మొదలు పైనాపిల్ తొక్కలా పొలుసులుగా ఉంటుంది. అరెకా ఆకులు మెత్తగా ఉంటాయి, వెదురులా నాలుగైదు సన్నని కాండాలు ఒకే కుండీలో నుంచి లేస్తాయి.

ఆకు, వేరు, మొదలు అన్నీ విషమే, గింజ అన్నిటికంటే. ఆడ మొక్కకి మధ్యలో నారింజ రంగు గింజలు వస్తాయి. ఒకటి రెండు గింజలే కుక్క ప్రాణం తీయగలవు. తిన్న కొన్ని గంటల్లో వాంతులు, తర్వాత ఒక రోజు తెరిపి, ఆ పైన కాలేయం. ఆ తెరిపి చూసి మోసపోవద్దు. సైకస్ నమిలిందని అనుమానం ఉంటే లక్షణాలు లేకపోయినా అదే గంటలో తీసుకెళ్లాలి. మొదటి రోజు లివర్ పరీక్ష బాగానే వస్తుంది. "రిపోర్ట్ నార్మల్" అని ఇంటికి వచ్చేయకుండా 24, 48, 72 గంటలకి మళ్లీ చేయించమని మీరే అడగండి.

గుండె విషాలున్న మొక్కలని జాగ్రత్తగా పెట్టుకోవచ్చు. సైకస్ ఉన్న ఇంట్లో కుక్కపిల్లని పెంచాలంటే ఆ మొక్క తీసేయడం తప్ప మధ్యే మార్గం మాకు కనిపించదు.

ఒళ్లు వణికించేవి

ఉమ్మెత్త తిన్న కుక్కకి కంటిపాపలు పెద్దవై, నోరు ఎండిపోయి, గుండె దడదడలాడుతుంది. గోడలకి గుద్దుకుంటుంది, లేనిదాన్ని చూసి మొరుగుతుంది. దీన్ని కుండీలకి వేసే పురుగుమందు విషంతో పోల్చి చూసుకోవాలి, ఎందుకంటే రెండూ వానాకాలంలోనే ఎక్కువ. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ గుళికలు తింటే కంటిపాప సూదిమొనంత అవుతుంది, చొంగ, కన్నీళ్లు ధారగా కారతాయి, కండరాలు వణుకుతాయి. ఈ తేడా డాక్టర్‌కి చెప్పడం చాలా ముఖ్యం. పురుగుమందుకి విరుగుడైన అట్రోపిన్‌ని ఉమ్మెత్త కేసులో ఇస్తే అది మంటలో నెయ్యి పోసినట్టే, ఉమ్మెత్తలో ఉండేదీ ఆ జాతి పదార్థమే.

నర్సరీల్లో "యెస్టర్‌డే టుడే టుమారో" పేరుతో అమ్మే బ్రన్‌ఫెల్సియా ఇంకొకటి. ఊదా పూలు రోజురోజుకీ తెల్లబడతాయి. కాయలు కుక్కలకి ఇష్టం, తింటే ఒళ్లు కొయ్యబారి మూర్ఛలు వస్తాయి, కొన్నిటికి రోజుల తరబడి. నైట్ క్వీన్, అంటే రాత్‌రాణి తెల్ల కాయలు కూడా తిననీయకండి.

కొరికిన తర్వాత మొదటి పది నిమిషాలు

కుక్కని మొక్క దగ్గరనుంచి లాగేసి వేరే గదిలో పెట్టండి. నోరు తెరిచి మిగిలిన ముక్కలు తీయండి. గోడ గడియారం చూసి టైం రాసుకోండి. మొక్క మొత్తం, ఆకు దగ్గరగా, పువ్వో కాయో ఉంటే అది కూడా ఫోటోలు తీయండి. కొరికిన కొమ్మని, కక్కినదాన్ని జిప్ కవర్లో వేసి వెంట తీసుకెళ్లండి. బరువు తెలియకపోతే కుక్కని ఎత్తుకుని తూకం ఎక్కి, తర్వాత మీరొక్కరే ఎక్కి, తేడా చూడండి. మందు మోతాదులన్నీ దాని మీదే.

తర్వాత చిగుళ్లు. గులాబీ రంగులో ఉండాలి, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. మన నాటు కుక్కల్లో చాలావాటికి చిగుళ్లు పుట్టుకతోనే నలుపు, వాటికి కింది కనురెప్ప లాగి లోపలి రంగు చూడండి. పాలిపోయినా, పచ్చగా ఉన్నా ఇక ఫోన్‌లో వివరాలు చెప్పుకుంటూ కూర్చోకండి, బయల్దేరండి.

ఇప్పుడు చేయకూడనివి. ఇళ్లలో ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది.

ఉప్పునీళ్లు తాగించి కక్కించడం పాత పద్ధతి. ఒక టేబుల్ స్పూన్ ఉప్పు 17, 18 గ్రాములు. 5 కేజీల పిల్లకి పోస్తే కేజీకి మూడున్నర గ్రాములు పడ్డట్టు. కేజీకి 2, 3 గ్రాములకే కుక్కకి ఉప్పు విషమై వణుకు మొదలవుతుంది, 4 గ్రాముల దగ్గర ప్రాణం పోతుంది. ఆకు విషం తేలికదై ఉండొచ్చు, ఉప్పు మాత్రం ఖాయంగా విషం.

విరుగుడని చింతపండు రసం కూడా పోస్తారు. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలని ఎందుకు పాడుచేస్తాయో చాలాకాలం అంతుచిక్కలేదు. వాటిలోని టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని 2021లో అమెరికా పశువైద్యులు ప్రతిపాదించారు. చింతపండు పులుపులో ఎక్కువ భాగం ఆ ఆమ్లమే, చింతపండు తిన్న కుక్కల్లో కిడ్నీ దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. విరుగుడు పేరుతోనే కాదు, పులిహోర పేరుతో కూడా పెట్టకండి.

హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కక్కించొచ్చని ఇంటర్నెట్‌లో చదివినవాళ్లు మెడికల్ షాపుకి పరిగెడతారు. విదేశీ సలహాల్లో కనిపించేది 3 శాతం ద్రావణం. మన షాపుల్లో గాయాలకి అమ్మే 20 వాల్యూమ్ సీసా 6 శాతం, అంటే రెట్టింపు. సరైన బలంలో ఇచ్చినా కడుపులో పుండ్లు పడతాయి. వాంతి చేయించడమనేది డాక్టర్ ఇంజెక్షన్‌తో చేసే పని. అది కూడా తిన్న గంట, రెండు గంటల్లోపే బాగా పనికొస్తుంది. మత్తుగా ఉన్నా, వణుకుతున్నా, పాలు కారే మండే మొక్క తిన్నా అసలు చేయించకూడదు.

యాక్టివేటెడ్ చార్‌కోల్ (కడుపులోని విషాన్ని పట్టేసే బొగ్గు) మాత్రలు కొనే ముందు ఈ లెక్క చూడండి. కుక్కకి కేజీ బరువుకి కనీసం 1 గ్రాము కావాలి. 20 కేజీల కుక్కకి 20 గ్రాములు, 250 మిల్లీగ్రాముల మాత్రలైతే 80. ఎనభై మాత్రలు మింగించే లోపు ఆసుపత్రికి చేరొచ్చు. అక్కడ పొడి కలిపి గొట్టం ద్వారా ఇస్తారు. పచ్చిగుడ్డు, నెయ్యి, నూనె వల్ల ఏ ఉపయోగమూ లేదు. కక్కుతున్న కుక్క మూతికి మజిల్ కట్టడం మాత్రం చంపడంతో సమానం.

కారులో మత్తుగా ఉన్న కుక్కని పక్కకి పడుకోబెట్టి, తల కొంచెం కిందికి వాలేలా ఉంచండి. ఏసీ వేయండి, కిటికీ సందు తెరవండి. ముందుగా ఫోన్ చేసి మొక్క పేరు, బరువు, టైం చెబితే మీరు చేరేసరికి వాళ్లు సిద్ధంగా ఉంటారు. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఆసుపత్రి, నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉన్నాయి, పగటివేళ అక్కడ పరీక్షలకి ఆస్కారం ఉంటుంది. కానీ కుక్కలు వేళ చూసి ఆకులు తినవు. మియాపూర్ నుంచి రాజేంద్రనగర్ సాయంత్రం ఆరింటికి వెళ్లడమంటే ఎంతసేపో మీకు తెలుసు. మీ ఇంటికి 20 నిమిషాల దూరంలో రాత్రంతా తెరిచే, ఇసిజి, రక్తపరీక్ష ఉన్న క్లినిక్ ఏదో ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి. బోర్డు మీద 24 గంటలు అని ఉన్నంత మాత్రాన రాత్రి రెండింటికి డాక్టర్ ఉంటారని కాదు. రాత్రి డ్యూటీ డాక్టర్ అక్కడే ఉంటారా, పిలిస్తే వస్తారా అని అడగాలి.

కుండీలు సర్దుకోవడం

నర్సరీ నుంచి మొక్క తెచ్చేటప్పుడు పేరు ఫోన్‌లో రాసుకోండి. నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాలోనైనా, వీధి చివర బండి దగ్గరైనా అమ్మేవాళ్లు చెప్పేది వ్యాపార పేరు, "షో ప్లాంట్", "లక్కీ ప్లాంట్" అని. అది ఆసుపత్రిలో పనికిరాదు. పేరు తెలియకపోతే ఫోటో తీసి పెట్టుకోండి. ఆకు తుంచి చూడండి, తెల్లపాలు కారితే కుక్కకి అందని మొక్కల వరసలో చేర్చండి. పాలు కారని విషాలూ ఉన్నాయి, ఈ గుర్తు ఒక్కటే నమ్ముకోకండి.

వేలాడే కుండీ ఎత్తు అంటే కుండీ అడుగు కాదు, కిందికి జారే తీగ చివర లెక్క. లాబ్రడార్ వెనక కాళ్ల మీద లేస్తే అయిదడుగులు అందుకుంటుంది. తీగ చివర ఆరడుగులకి పైనే ఉండాలి. తవ్వకుండా కుండీలో గులకరాళ్లు పరుస్తారు, పిల్లలు ఆ రాళ్లే మింగుతాయి. దానికంటే కోళ్ల వల ముక్కని గుండ్రంగా కత్తిరించి, మొక్క మొదలు చుట్టూ మట్టి మీద పరిచి, అంచులు కుండీకి తీగతో కట్టండి. కత్తిరింపుల రోజున కుక్కని మిద్దె మీదికి రానివ్వకండి. గన్నేరు, అడీనియం కొమ్మలు అదే పూట కట్టి మూట వేయాలి. ఎండిన కొమ్మ మామూలు కర్రలా కనిపిస్తుంది, కర్ర అంటే కుక్కకి ఆట.

విషం లేని మొక్కలకి కొదవ లేదు. మల్లె, గులాబీ, మందారం, తులసి, అరెకా పామ్, స్పైడర్ ప్లాంట్, కాలాథియా, బోస్టన్ ఫెర్న్ పెట్టుకోండి. వీటిని కూడా బాగా నమిలితే ఒక వాంతి కావచ్చు, దానికి కంగారు అక్కర్లేదు. గులాబీ ముల్లు నోట్లో గుచ్చుకోవడం మాత్రం చూసుకోవాలి.

ఆకు నమలాలన్న కోరిక చాలా కుక్కలకి సహజం, తిట్టినా పోదు. దానికోసం దానికే ఒక కుండీ ఇవ్వండి. 50 గ్రాముల గోధుమలు రాత్రి నానబెట్టి, మర్నాడు వెడల్పాటి లోతులేని తొట్టిలో మట్టి మీద పరిచి, పల్చగా మట్టి కప్పి, రోజూ కాస్త నీళ్లు చిలకరిస్తే వారం పది రోజుల్లో నాలుగంగుళాల నారు వస్తుంది. ఎరువు, మందు ఏమీ వేయకండి. రెండు తొట్లు వారం తేడాతో వేస్తే ఒకటి అయిపోయేసరికి ఇంకోటి సిద్ధం. కింద బూజు పట్టి వాసన వస్తే ఆ తొట్టి పారేసి కొత్తది వేయండి, వానాకాలంలో ఇది తరచుగా జరుగుతుంది.